ఆవు మీద ఒట్టు

మొన్న సాయంత్రం మందుల షాపులో నా ముందు నిలబడిన మనిషి ఒక చిన్న గాజు సీసా కౌంటరు మీద పెట్టాడు. "ఇది వాడితే ఈ ఫిట్సు బిళ్లలు ఆపెయ్యాలంటున్నారు, ఆపెయ్యొచ్చా?" అని అడిగాడు. షాపతను ఫోనులోంచి తలెత్తకుండా "మీ ఇష్టం సార్" అన్నాడు. సీసా మూత సరిగ్గా బిగించినట్టు లేదు. లేబులు చదవకముందే వాసన నా దగ్గరికి వచ్చేసింది. బాగా కాగిన నెయ్యి, దాని వెనక పులిసిన పెరుగు, ఇంకా వెనక ముక్కు పొడిచే ఘాటు ఒకటి. పంచగవ్య ఘృతం.

"బిళ్లలు ఆపకండి" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

"మీరు డాక్టరా అమ్మా?"

"కాదండి."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు పొడుగు. కౌంటరు దగ్గర నిలబడి చెప్పేది కాదు. అతను సీసా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. బిళ్లలు కొన్నాడో లేదో నేను చూడలేదు.

అప్పుడు నాకు పదేళ్లు. విశాఖపట్నంలో మా అమ్మ నెలల మనిషి. మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పింది. నాన్నకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. నన్ను చూసుకునే దిక్కులేక, వానలు తగ్గుతున్న రోజుల్లో తీసుకొచ్చి చోడవరంలో అమ్మ వాళ్ల నాన్న దగ్గర దింపేశారు. తమ్ముడు పుట్టేదాకా అక్కడే బడి, అక్కడే తిండి.

తాత వైద్యుడు. ఇంటి ముందు బోర్డు లేదు. ఎకరన్నర చెరకు, రెండు ఆవులు, చీడికాడ వైపు కొండల కింద ఉండే తన మేనమామ దగ్గర నేర్చుకున్న విద్య, అట్టలు ఊడిన నోటుపుస్తకం ఒకటి. మాడుగుల రోడ్డులో బస్సు దిగి, వైద్దుడి ఇల్లెక్కడంటే చిన్నపిల్లలైనా చూపించేవారు. పచ్చకామెర్లు, గజ్జి, మొలలు, కీళ్లనొప్పులు, పూనకమో మూర్ఛో తెలియని జబ్బులు అన్నీ ఆ వసారా మెట్టు దగ్గరికి వచ్చేవి. కొందరికి తగ్గేది. తగ్గనివాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు. రానివాళ్లందరికీ తగ్గిందనే తాత నమ్మకం. ఆయన మోసగాడు కాడు. ఇప్పటికీ ఆ మాట చెప్పగలను. తనకి తెలిసినదాన్ని ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి.

ఆ ఇంటి వాసన ఒక్కటి కాదు. వసారాలో కరక్కాయ పొడి. పెరట్లో పేడ. వంటింట్లో చోడి అంబలి, దాని పక్కన ఉల్లిపాయ. నెలకోసారి రెండ్రోజులపాటు వీటన్నిటినీ మింగేసేది నెయ్యి కాచే వాసన. ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పచ్చిపేడ బట్టలో వేసి పిండిన రసం, అయిదూ సమానంగా కొలిచి, పెద్ద ఇత్తడి గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద కాచేవాడు. నీరంతా ఇగిరిపోయి నెయ్యి ఒక్కటే మిగిలేదాకా గరిటె ఆపేవాడు కాదు. చివర్లో అడుగున దిగిన ముద్ద కొంచెం తీసి, వేళ్ల మధ్య వత్తిలా నలిపి నిప్పులో వేసేవాడు. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టు. చప్పుడు లేకుండా కాలితే దించెయ్యడమే.

నాకొచ్చిన పని పంచితం పట్టడం. తెల్లారకముందే తాత లేపేవాడు. ఇత్తడి చెంబు పట్టుకుని ఎర్రావు వెనక నిలబడాలి. తోక మొదట్లో మెల్లగా రాస్తే ఒళ్లు విరుచుకుని పోస్తుంది. మొదటి ధార వదిలెయ్యాలి, ఆఖరిది వదిలెయ్యాలి, నడిమిది పట్టాలి. సగం చెంబులో, సగం నా గౌను మీద. బడిలో నా పక్కన కూర్చోవాల్సిన పిల్ల ముక్కు మూసుకుని, "పంచితం గుంట వచ్చేసిందిరోయ్!" అని కేకేసేది. కుంకుడుకాయతో ఎంత రుద్దుకున్నా ఆ పేరు పోలేదు.

ఒకరోజు చలికి బద్ధకించి లేటుగా లేచాను. అప్పటికే ఆవు పోసేసింది. చెంబులో అడుగున నాలుగు చుక్కలు. ఎవరూ చూడటం లేదు కదా అని నూతి నీళ్లు కలిపి తీసుకెళ్లాను. తాత చెంబు ఒకసారి ఆడించి, నురగ వంక చూశాడు.

"ఒసే, నీలు కలిపేవేటే?"

"నేదు తాతా."

"ఎర్రావు మీద సెయ్యేసి సెప్పు."

ఆ ఇంట్లో అది ఆఖరి మాట. నూతి దగ్గర తగువైనా, పక్కింటివాళ్ల కోడి పోయినా, తాత ముందు ఎవరు ఏం చెప్పినా, ఆవు మీద చెయ్యేసి చెప్పాక మళ్లీ అడగడం ఉండదు. అబద్ధం చెప్పినవాడి చెయ్యి పడిపోతుందని పిల్లలం అనుకునేవాళ్లం. పెద్దవాళ్లేమనుకునేవారో తెలియదు కాని, వాళ్లూ అక్కడికి వచ్చేసరికి తడబడేవారు. నేను ఎర్రావు దాకా నడిచాను. వీపు మీద చర్మం ఈగ వాలినట్టు ఒక్కసారి వణికింది. చెయ్యి పైకి లేవలేదు. ఏడ్చేశాను.

తాత కొట్టలేదు. నీళ్లు కలిసిన చెంబు తీసుకెళ్లి కరివేపాకు మొదట్లో పోసేశాడు. "మందులో దొంగతనం సేస్తే తాగినోడికి ఏటవుతాదో నీకూ నాకూ తెలీదు. అందుకే సెయ్యకూడదు" అన్నాడు. అంతే. ఆ పూట నాకు బెల్లం పెట్టలేదు.

ఇంట్లో ఇంకొక మనిషి మా పిన్ని. అమ్మ చెల్లెలు. అమ్మమ్మ పోయాక తాతకీ పిన్నికీ ఒకరికొకరే. పిన్నికి పద్నాలుగో ఏట నుంచీ ఫిట్సు. అప్పటికి రెండేళ్ల క్రితం పొయ్యి దగ్గర పడిపోయి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాల్చుకుంది. అప్పట్నుంచి పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వరు, నూతి దగ్గరికి వెళ్లనివ్వరు, వీధిలోకి ఒంటరిగా పంపరు. అన్నం తాతే వండేవాడు. ఆమెని ఇంట్లో వాళ్లు చూసే చూపు, గట్టు చివర పెట్టిన కుండని చూసే చూపు. నేను వెళ్లేసరికి మాత్రం వెనక గదిలో కుట్టుమిషను ఉంది. ఆర్నెల్లుగా ఫిట్సు రాలేదని, తన నెయ్యి పనిచేసిందని, తాతే అనకాపల్లి నుంచి తెప్పించాడు. పిన్ని పొద్దున్నే తాత ముందు నిలబడి చెంచాడు నెయ్యి మింగి, మొహం వికారంగా పెట్టి, పరిగెత్తినట్టు వచ్చి మిషను ముందు కూర్చునేది. పెడలు మీద పాదాలు పడ్డాయంటే ఆమె వేరే మనిషి. టేపురికార్డరులో పాట పెట్టుకుని, గొంతు కలిపి, నన్ను వెక్కిరిస్తూ ఊరందరి జాకెట్లూ కుట్టేది.

వారం తిరగకుండానే ఆమె రహస్యం నాకు తెలిసిపోయింది. గుండీల డబ్బాలో హుక్కులు వెతుకుతుంటే, కింద కాగితం మడతలో తెల్లటి చిన్న బిళ్లల అట్ట ఒకటి కనపడింది.

"ఏటి పిన్నీ ఇది?"

పిన్ని పెడలు ఆపింది. లేచి తలుపు దగ్గరికెళ్లి వసారా వైపు తొంగిచూసి వచ్చింది.

"మీ అమ్మ నన్ను వైజాగు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది సూడు, అప్పుడిచ్చేరు. రోజుకి రెండు. మీ తాత అవి సూసి పేడకుప్పలో పారేసేడు. ఇంగిలీసు మందు పడిన కడుపులో నా మందు పనిసెయ్యదు అన్నాడు. మందుల సీటీ మాత్రం నా దగ్గరుండిపోయింది."

"మరి ఇవి?"

"కొనుక్కుంటన్నాను. జాకెట్లకి వచ్చే మనిషి తెచ్చిపెట్టేది. దానికి పెళ్లయి ఎల్లిపోయింది." నా భుజం పట్టుకుంది. "నువ్వు తేవాల. బడికెళ్లే దారిలో బస్టాండు కాడ మందుల షాపుంది. మీ అమ్మకని సెప్పు."

"తాతకి నిజం చెప్పెయ్యొచ్చు కదా?"

"సెప్తే మాన్పించేస్తాడు. మానేస్తే ఏటవుతాదో సూడు." కాలిన చెయ్యి నా మొహం ముందు పెట్టింది. చర్మం కాగితంలా ముడతలు పడి, మణికట్టు దగ్గర గట్టిగా లాగేసినట్టు ఉండేది. "ఈ మిషను తొక్కుతన్నానంటే ఆ నెయ్యి కాదే, ఈ బిళ్ల. ఆయనకది సెప్పలేను. సెప్తే ఆయన్ని సంపేసినట్టే. సెప్పకపోతే నేను బతుకుతాను. అంతే."

సాయంత్రం తాత చెరకు తోటకి వెళ్లగానే నన్ను కొట్టంలోకి తీసుకెళ్లింది. ఎర్రావు గంగడోలు మీద నా చెయ్యి పెట్టించి, పైన తన చెయ్యి పెట్టింది. "ఎవరికీ సెప్పనని ఒట్టెయ్యి."

వేశాను. ఆ మెత్తదనం, వెచ్చదనం ఇప్పటికీ అరచేతిలో ఉన్నాయి.

నెలకోసారి యూనిఫారంలో మందుల షాపుకి వెళ్లి చీటీ చూపించి, బిళ్లల అట్టలు లెక్కల పుస్తకంలో పెట్టుకుని తెచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే భయం కంటే గొప్పగా ఉండేది. పెద్దవాళ్ల పని ఒకటి నా చేతుల్లో ఉంది మరి.

వైద్దుడి కూతురికి తగ్గిపోయిందన్న మాట జాకెట్లతోపాటు ఊళ్లు తిరిగింది. కె.కోటపాడు నుంచి ఒకరిద్దరు వచ్చి పిన్నిని చూసి వెళ్లారు. తాత నడకే మారిపోయింది. సాయంత్రాలు వసారాలో కూర్చుని దారిన పోయేవాళ్లని ఆపి మరీ, "మిషను సప్పుడు ఇనబడతందా?" అని అడిగేవాడు.

చెరకు ఫ్యాక్టరీలో క్రషింగు మొదలైన వారానికి వాళ్లు వచ్చారు. మాడుగుల అవతల ఊరట. తల్లి, ఎనిమిదేళ్ల కొడుకు, తోడుగా తల్లి తమ్ముడు. తండ్రి విశాఖపట్నంలో తాపీపని. ఆమె చేతిలో నెయ్యి మరకలు పడిన కాగితం పొట్లం, మాడుగుల హల్వా. దాన్ని తాత కాళ్ల దగ్గర పెట్టి నిలబడింది. పిల్లాడి నుదుటి మీద రెండు కుట్ల మచ్చలు. వాడు మమ్మల్నెవర్నీ చూడటం లేదు, కొట్టంలో దూడని చూస్తున్నాడు.

"మూడేళ్ల కాణ్ణించి బాబూ. వైజాగులో బిళ్లలిత్తన్నారు. ఏసుకుంటే పడిపోడు గానీ, పొద్దస్తమానం తొంగుంటాడు. బడిలో తల ఒగ్గేస్తన్నాడని మేస్టారు ఇంటికి పంపేస్తన్నాడు. నా గుంటడు ఇలాగే తొంగునే బతకాలేటి?"

తాత నాడి పట్టుకుని, కనురెప్ప కిందకి లాగి చూశాడు.

"నలబై ఒక్క రోజు ఇక్కడే ఉండాల. పులుపు నేదు, వంకాయ నేదు, ఎండుసేపలు నేదు. ఇంగిలీసు బిళ్ల ఈ రోజు కాణ్ణించే మానెయ్యాల."

ఆమె బెదిరింది. "ఒకేపాలి మానెయ్యొద్దని ఆసుపత్రిలో మరీ మరీ సెప్పేరు బాబూ."

"ఆలకి నా మందు తెలుసేటి?" అన్నాడు తాత. కోపంగా కాదు, నవ్వుతూనే. "మా అమ్మాయిని సూడు. ఆర్నెల్లు దాటింది. ఎల్లి అడుగు."

ఆమె వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చింది. వెనకే తాత. నేను మిషను పక్కన నేల మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతున్నాను. బిళ్లల అట్ట ఆ డబ్బాలోనే ఉంది, నా మోకాలి దగ్గర.

"నీకూ బిళ్లలిచ్చేరట కదమ్మా. మానేసేవా నువ్వు?"

మిషను ఆగింది. పిన్ని ఆమె వైపు చూసింది. ఆమె భుజం మీదుగా తాతని చూసింది. తాత మొహంలో ఎంత సంతోషం ఉందో నాకు బాగా గుర్తు. నా వైపు మాత్రం పిన్ని చూడలేదు.

"మానేసేను" అంది.

నేను ఎదురుచూశాను. సగం చెంబు నీళ్లకి నన్ను కొట్టం దాకా నడిపించిన మనిషి, ఇప్పుడు ఆ మాట అంటాడని. ఎర్రావు మీద సెయ్యేసి సెప్పమ్మా అంటాడని. అంటే పిన్ని ఆ అబద్ధం చెప్పలేకపోయేది. నాకు తెలుసు. తాత అనలేదు. కూతుర్ని అడగాల్సిన అవసరం ఆయనకి కనపడలేదు.

మిషను మళ్లీ కదిలింది. కుట్టు వంకరగా పోయింది.

నేను చెప్పొచ్చు. నోరుంది. కాని చెయ్యి ఆవు మీద పెట్టి ఒట్టేశాను. ఆ సాయంత్రం హల్వా నాకే ఎక్కువ పెట్టారు. తిన్నాను. బాగుంది కూడా.

పశువుల కొట్టంలో ఒక పక్క తడకలు కట్టి వాళ్లకి చోటిచ్చారు. పిల్లాడి మేనమామ ఊరెళ్లిపోయాడు. తల్లి ఊరికే కూర్చునే మనిషి కాదు. పేడ తీసేది, గడ్డి కోసేది, నా జడ వేసేది. బిళ్లలు కొంగున ముడేసుకుని ఉంచింది. పారెయ్యలేదు, వెయ్యలేదు.

పిల్లాడు నాలుగు రోజుల్లో మారిపోయాడు. నిద్రమత్తు వదిలి కళ్లు తెరిచాడు. నాలుకతో టక్కుమనిపిస్తే దూడ వాడి వెనక నడిచేది. అరచేతిలో ఉప్పు పెట్టి నాకించుకుంటూ కితకితలకి పడీపడీ నవ్వేవాడు. పెరట్లో గోళీలాడి నన్ను రోజూ ఓడించేవాడు. "వైజాగు గుంటవి, నీకేటి తెలుసు?" అనేవాడు. వాళ్లమ్మ చేతిలో పని ఆపి వాణ్ణే చూస్తూ ఉండిపోయేది. తాత కాళ్లకి రెండుసార్లు దణ్ణం పెట్టింది. పిన్ని ఒక్కతే వాడి వంక సరిగ్గా చూసేది కాదు. మిగిలిన గళ్ల గుడ్డతో వాడికో చొక్కా కుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు.

ఫిట్సు ఎలా వస్తుందని ఒకరోజు వాణ్ణి అడిగాను. పిల్లలు అడిగినట్టే అడిగాను. వాడూ అలాగే చెప్పాడు.

"ముందు బెల్లం మాడిన వాసనొస్తాది. అప్పుడు బేగి అమ్మని పిలవాల. అమ్మ ఒళ్లో తొంగోబెట్టుకుంటాది. తరవాత నాకు తెలీదు."

క్రషింగు రోజుల్లో చోడవరంలో బెల్లం వాసన లేని చోటు ఏది? పొలాల్లో పెనాల మీద చెరకు రసం ఉడుకుతూ ఉండేది, ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన, రోడ్డు పొడుగునా చెరకు బళ్లు. బట్టలకీ అన్నానికీ అదే వాసన. వాడికి అది ఎలా ఉండేదో అప్పుడు నేను ఆలోచించలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న. తాత నెయ్యి తినిపించి వసారాలోకి వెళ్లాడు. తల్లి గడ్డి కోసం తోట గట్టు మీదకి వెళ్లింది. నేను బడికి తయారై జడ రిబ్బను వెతుక్కుంటున్నాను. వాడు కొట్టంలోంచి పిలిచాడు.

"నీకు బెల్లం వాసన వస్తందా?"

గాలి పీల్చాను. వస్తోంది. పక్క పొలంలో పెనం దించుతున్నారు.

"వస్తంది" అన్నాను.

"మాడిందా?"

"ఏమో. వస్తంది."

వాడు కుదుటపడ్డాడు. నాకూ వస్తోందంటే అది బయటి వాసనే. అమ్మని పిలవలేదు. నేను రిబ్బను దొరికించుకుని గుమ్మం దాటేసరికి దూడ అరిచింది.

గడ్డి మీద పడి ఉన్నాడు. వెన్ను విల్లులా వంగిపోయింది. నేను అరిచిన అరుపుకి తాత వచ్చాడు. గట్టు మీది నుంచి తల్లి కొడవలితోనే పరిగెత్తుకొచ్చింది. తాత వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. "గాబరా పడకండి. రోగం ఒళ్లు వదిలిపోయే ముందు ఒకపాలి వస్తాది. ఇదే ఆఖరిది" అన్నాడు. ఆగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. వాడు కళ్లు తెరవకముందే రెండోది వచ్చింది. తాత పాత నెయ్యి జాడీ తెచ్చాడు. పదేళ్లు నిలవ ఉంచి నల్లగా లక్కలా అయిన నెయ్యి. రెండు చుక్కలు ముక్కులో వేసి, మాడుకి రాశాడు. మూడోది వచ్చింది. ఈసారి మధ్యలో తెరిపి లేదు.

"బాబూ, పెదాలు నీలమైపోతన్నాయి బాబూ!"

వెనక గదిలోంచి ఏదో కింద పడిన చప్పుడు. పిన్ని గుండీల డబ్బాతో వచ్చింది. మూత ఊడి గుండీలు, హుక్కులు కొట్టమంతా దొర్లాయి. అట్టలోంచి బిళ్ల చింపి మోకాళ్ల మీద కూలబడి వాడి పెదాల మధ్య పెట్టబోయింది. పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. బిళ్ల చొంగలో తడిసి గడ్డిలో పడింది. ఇంకొకటి చింపింది.

"ఒగ్గెయ్, ఊపిరాడదు!" అన్నాడు తాత. అప్పుడు చూశాడు ఆ అట్టని.

"నేను మానలేదు నాన్నా" అంది పిన్ని. "ఒక్క రోజూ మానలేదు. ఆటో పిలువు."

తాత చేతి వేళ్ల నుంచి నల్లటి నెయ్యి కారుతోంది. ఆ వేళ్లు అలాగే గాల్లో ఉండిపోయాయి. పిల్లాడి తల్లి పిన్ని మొహంలోకి చూసింది. ఒక్క క్షణమే. చూసే తీరిక ఆమెకి లేదు.

పక్కింటాయన ఆటో తెచ్చాడు. తల్లి ఒళ్లో వాడు, పక్కన తాత. మెయిన్ రోడ్డు మీద చెరకు బళ్లు ఒకదాని వెనక ఒకటి. తాత ఆటో దిగి ముందు పరిగెత్తుతూ, ఎడ్ల ముకుతాళ్లు పట్టుకుని బళ్లని పక్కకి లాగాడని తర్వాత ఎవరో చెప్పారు. చోడవరం ఆసుపత్రిలో సూది వేసి, వెంటనే అనకాపల్లి తీసుకెళ్లమన్నారు. అనకాపల్లి చేరలేదు.

ఆ సాయంత్రం తాత నడిచి వచ్చాడు. చొక్కా లేదు. పిల్లాడి మీద కప్పేశాడట. మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. పిన్ని తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆయన ఆమె కాలిన చేతిని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, కొట్టంలోకి వెళ్లాడు. ఎర్రావు వీపు మీద రెండు చేతులూ పెట్టి, దాని వంక తిరిగి నిలబడ్డాడు. పెదాలు కదిలినట్టనిపించింది. ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో తెలియదు.

మూడోనాడు ఆ తల్లి, ఆమె తమ్ముడు సంచీ కోసం వచ్చారు. తమ్ముడు వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. తాత తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన్ని ఒక్క మాటా అనలేదు. వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చి, మొదటి రోజు నిలబడిన చోటే నిలబడింది.

"మానేసేనన్నావు కదమ్మా" అంది. గొంతు పెంచలేదు. "నీ నోటితో అన్నావు."

పిన్ని లేచి నిలబడింది. ఆ తల్లి చూపు మిషను మీద ఉన్న గళ్ల చొక్కా మీద పడింది. ఒక చెయ్యే కుట్టి ఉంది. రెండో చెయ్యి గుడ్డ పక్కన విడిగా. రెండూ తీసుకుని, మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ చావు ఏ పేపర్లోనూ రాలేదు. తర్వాతి కాలంలో నేను పనిచేసిన పేపరు డెస్కులో అలాంటివి మూడు లైన్ల వార్తలుగా నా చేతి మీదుగా చాలా వెళ్లాయి. ప్రతిసారీ మూడు లైన్ల తర్వాత ఆగిపోయి, కుట్టని చెయ్యి సంగతి ఎవరు రాస్తారు అనుకునేదాన్ని.

తాత కామెర్లకీ గజ్జికీ మందులిస్తూనే ఉన్నాడు. మూర్ఛ అని వచ్చినవాళ్లని మాత్రం మెట్టు ఎక్కనివ్వలేదు. తనే వెంట నడిచి వైజాగు బస్సు ఎక్కించి వచ్చేవాడు. బిళ్లలు ఆపకండి అని బస్సు కిటికీలోంచి చెప్పేవాడు. పంచగవ్యం గిన్నె అటక ఎక్కింది. నెల తిరిగి బిళ్లలు అయిపోయే రోజుకి నేను పిన్ని దగ్గర చీటీ కోసం చెయ్యి చాచాను. పిన్ని మిషను వైపు చూపించింది. రెండు కొత్త అట్టలు ఉన్నాయి దాని మీద. తాత బస్టాండు దాకా వెళ్లి తెచ్చాడు. షాపతను చెప్పే ఉంటాడు, ఇంతకాలం ఎవరు తెచ్చేవారో. తాత నన్నేమీ అడగలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ప్రతి నెలా అలాగే తెచ్చి, మిషను మీద పెట్టి వెళ్లేవాడట.

తమ్ముడు పుట్టాక నాన్న వచ్చి నన్ను తీసుకెళ్లాడు. బస్సు కదిలే ముందు తాత కిటికీలోంచి చెయ్యి చాచి నా నెత్తి మీద పెట్టాడు. ఆ చేతికి నెయ్యి వాసన లేదు. వట్టి చెయ్యి వాసన.

ఇన్నేళ్లూ నేను ఒకే ఒక్క మాట పట్టుకుని బతికాను. ఆ రోజు తాత ఆవు మీద చెయ్యి వెయ్యమని అడిగి ఉంటే, పిన్ని నిజం చెప్పేది, పిల్లాడు బతికేవాడు. అడగలేదు కాబట్టి తప్పు ఆ అడగకపోవడంలో ఉంది. బెల్లం వాసన గురించి నేనన్న మాట, వేసిన ఒట్టు, తిన్న హల్వా, అన్నీ దాని వెనక్కి నెట్టేశాను.

మందుల షాపు సంగతి జరిగాక వచ్చిన ఆదివారం చోడవరం వెళ్లాను. ఎర్రావు లేదు, కొట్టం లేదు. అక్కడ ఇప్పుడు స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డు. పిన్ని అదే గదిలో ఉంది. మిషనుకి మోటారు వచ్చింది, కళ్లకి అద్దాలు వచ్చాయి. పొద్దున్న బిళ్ల వేళ అయింది. డబ్బా మూత తీస్తుంటే అడిగేశాను.

"పిన్నీ, ఆ రోజు తాత నిన్ను ఆవు మీద చెయ్యేసి 'మానేశాను' అని చెప్పమనుంటే?"

ఏ రోజని ఆమె అడగలేదు. బిళ్ల నాలుక మీద పెట్టుకుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఏసేసేదాన్నే" అంది.